చదివి వినిపించడమైనది

కోర్టులో స్టెనోగా చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. స్పీడు ఎలా పెంచుకోవాలి, కోపిష్టి జడ్జి గారి దగ్గర ఎలా నెగ్గుకురావాలి అని అడుగుతారు. తోచింది చెప్పి టీ ఇచ్చి పంపిస్తాను. అసలు చెప్పాల్సింది మాత్రం టీ తాగేంతలో అయ్యేది కాదు. అందుకే రాస్తున్నాను.

ప్రమోషన్లూ బదిలీలూ రాయను. అవి సర్వీసు రిజిస్టరులో భద్రంగా ఉన్నాయి. నేను నిలబడ్డ ఒకే ఒక్క ఎన్నిక గురించి రాస్తాను. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో తెలియనిది ఆ ఎన్నికల నెలలో తెలిసింది. రిటైరై ఏడాది దాటినా ఆ నెలను మరిచిపోలేదు.

లైబ్రరీలో దొరికిన ఉద్యోగం

మా నాన్న పత్తి ఏకి పరుపులు కుట్టేవాడు. నల్లపాడు స్టేషన్‌కి దగ్గర్లో మా ఇల్లు. ఇంటర్ తర్వాత నన్ను చదివించే స్తోమత ఆయనకు లేదు. నాకా సంగతి తెలుసు కాబట్టి అడగలేదు. రోజూ సైకిల్ మీద గుంటూరులో లైబ్రరీకి పోయేవాణ్ణి. షార్ట్‌హ్యాండ్ పుస్తకం నాకు అక్కడే కనిపించింది. ఇంటికి ఇచ్చేది లేదన్నారు. అక్కడే కూర్చుని అందులో గీతలన్నీ నా నోటుపుస్తకంలోకి దించుకున్నాను. ఇంగ్లీషు పేపర్ల సంపాదకీయాలు పెదాలు కదుపుతూ చదివి, చూడకుండా గీతల్లో రాసి, మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పేవాణ్ణి. ఇన్‌స్టిట్యూట్ గడప తొక్కకుండా షార్ట్‌హ్యాండ్ హయ్యర్ పరీక్ష పాసయ్యాను. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే.

కంప్యూటర్లు వచ్చినప్పుడూ అంతే. తోటివాళ్లు శిక్షణ ఎప్పుడిస్తారా అని చూస్తుంటే నేను లైబ్రరీలో పుస్తకం చదివి, ఒక్క మీట నొక్కితే ఒక వాక్యం మొత్తం పడేలా అమర్చుకోవడం నేర్చుకున్నాను. చుట్టుపక్కల కోర్టుల స్టెనోలు బస్సెక్కి వచ్చి మరీ ఆ కిటుకు నేర్చుకుని వెళ్లారు. ఆ మీట సంగతి మళ్లీ వస్తుంది.

సాక్షి మాట కాగితం మీదికి ఎలా వస్తుంది

సాక్షి తెలుగులో చెబుతాడు. జడ్జి గారు దాన్ని ఇంగ్లీషులో చెబితే స్టెనో రాసుకుని టైపు చేస్తాడు. చివర్లో ఆ కాగితాన్ని సాక్షికి తెలుగులో చదివి వినిపించాలి. అవును, నేను చెప్పింది ఇదే అంటే సంతకం తీసుకోవాలి. కాగితం అడుగున, చదివి వినిపించడమైనది, సరిగా ఉన్నదని సాక్షి ఒప్పుకున్నాడు అని ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంటుంది. పద్ధతి ఇది.

జరిగేది వేరు. చిన్న ఊరి కోర్టుల్లో జడ్జి గారు ఒక పక్క బెయిలు పిటిషన్లు వింటూ, సాక్షిని స్టెనో బల్ల దగ్గరికి పంపేస్తారు. ప్రభుత్వ వకీలు అడుగుతాడు, సాక్షి చెబుతాడు, మనం గీతలు గీసుకుంటాం. ఒకే సంఘటన చూసినవాళ్లు నలుగురుంటే, రెండోవాడు నోరు తెరిచేసరికి వకీలు "సేమ్" అంటాడు. మొదటి సాక్షి వాంగ్మూలాన్ని కాపీ చేసి పేరు, తండ్రి పేరు, వయసు మార్చమని దానర్థం. అడుగు వాక్యం నా మీటతో పడిపోయేది. సాక్షులు నన్ను అడిగేది ఒక్కటే. "సంతకం ఎక్కడ పెట్టాలయ్యా?" వేలు పెట్టి చూపించేవాణ్ణి.

ఇందులో తప్పుందని నాకు అనిపించలేదు. నాకు నేర్పినవాళ్లు అలాగే చేశారు. నేను ఇంకొంచెం వేగంగా చేశాను. వేగాన్ని అందరూ మెచ్చుకున్నారు.

పాంప్లెట్

రిటైర్‌మెంటుకి రెండేళ్లుందనగా మా జిల్లా కోర్టు స్టెనోల సంఘానికి ఎన్నికలొచ్చాయి. కార్యవర్గానికి అధ్యక్షుడిగా నిలబడాలని నాకు బుద్ధి పుట్టింది. మా సంఘంలో ఎన్నికలంటే బ్యాచ్ లెక్కలు, కులం లెక్కలు, ఆదివారం బిర్యానీ. నేను వేరేగా చేద్దామనుకున్నాను. లైబ్రరీ కంప్యూటర్‌లో ఎక్కడో విదేశాల కోర్టు రిపోర్టర్ల సంఘం పేజీ చదివాను. అక్కడ బోర్డుకి నిలబడేవాళ్లు ఒక్కొక్కరూ తామెందుకు నిలబడుతున్నారో ఒక పేజీ రాసి సభ్యులకు ఇస్తారట. అది నాకు ఎంతో నచ్చింది. వారం రోజులు కూర్చుని నేనూ ఒక పేజీ రాశాను. మొదటి వాక్యం ఇది: ముప్ఫై ఏళ్లలో నేను రాసిన వాంగ్మూలాల మీద ఒక్క సవరణ పిటిషన్ కూడా పడలేదు.

అచ్చయిన కాగితాన్ని మా బ్యాచ్ స్టెనో బ్రహ్మయ్యకు చూపించాను. నా తరఫున ప్రచారం చేస్తోంది వాడే.

"ఏరా ఖాజా, ఇది ఎలక్షనా, పీహెచ్‌డీనా?" అన్నాడు.

"మొదటి లైను చూడరా."

చూశాడు. "ఇది బాగుంది. ఇదొక్కటి చాలు. మిగతాది ఎవడు చదువుతాడు నీ మొహం?"

సుజాత

కోర్టు కోర్టుకీ బస్సులో తిరిగాను. మిరపకాయల కాలం. దర్శి వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు వైపులా కల్లాల్లో కాయలు ఆరబోసి ఉన్నాయి. బస్సంతా తుమ్ములే. ఆ వైపు ఒక కోర్టులో సుజాత అని స్టెనో ఉంది. చేరి మూడేళ్లు. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుంటుంటే వెళ్లి పాంప్లెట్ ఇచ్చాను. క్యారేజీ పక్కన పెట్టి, కాగితం చివరిదాకా చదివింది.

"పూర్తిగా చదివింది నువ్వే అమ్మా," అన్నాను సంతోషంగా.

"అడుగుదాకా చదవడం నాకు అలవాటు సార్." మళ్లీ పైకి వచ్చింది. "ఒక్క పిటిషన్ కూడా పడలేదా సార్?"

"ఒక్కటి కూడా."

"ఎట్టా పడుతుంది సార్? తప్పుందని తెలియాలంటే ముందు చదివి వినిపించాలి గదా."

హాస్యమాడుతోందనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. బల్ల సొరుగులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి నా ముందు పరిచింది. సర్టిఫైడ్ కాపీ. టైపు చేసిన స్టెనో పొడి సంతకం అడుగున ఉంది. నాదే.

"రెండో సాక్షి మా నాన్న సార్. కోటయ్య."

నేను అంతకుముందు పనిచేసిన కోర్టులోని కేసు అది. ఆ ఊరి పేరు రాయను. మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకుని గుంటూరు యార్డుకి బయలుదేరిన ట్రాక్టరు తిరగబడింది. టిక్కీల మీద కూర్చున్న కూలీ ఒకడు చనిపోయాడు. డ్రైవరు అంజయ్య మీద కేసు పెట్టారు. ట్రాక్టరులో ఉన్న నలుగురూ సాక్షులు. వాళ్లలో కోటయ్య ఒకడు. అంజయ్య ఆయన చెల్లెలి మొగుడు. అంటే సుజాతకు మేనత్త భర్త.

"బ్రేకులు పట్టటం లేదని మా మామ ముందు రోజే ట్రాక్టరు ఓనరుకి చెప్పాడు సార్. మా నాన్న అక్కడే ఉన్నాడు. కోర్టులో ఆ మాట చెబుతానని ఊళ్లో అందరి ముందూ అని మరీ బయలుదేరాడు. చెప్పొచ్చాననీ అన్నాడు. మామకి శిక్ష పడ్డాక అప్పీలు కోసం ఈ కాపీలు తీసుకున్నారు. చదువుకున్నాయన ఒకాయన అత్త ఇంట్లో కూర్చుని పైకి చదివాడు. మా నాన్న కాగితంలో బ్రేకుల మాటే లేదు. వేగంగా తోలాడు అని ఉంది."

"మరి మీ మామ తరఫు వకీలు అడగలేదా?"

"మామకి వకీల్ని పెట్టింది ఆ ఓనరే సార్. ఆయనెందుకు అడుగుతాడు?"

నేను కాగితం నా వైపు తిప్పుకున్నాను.

"ఓనరు దగ్గర తిని మాట మింగాడన్నారు మా నాన్నని. మామ జైలుకి పోయి వచ్చాడు. మా అత్త ఇప్పటికీ మా గడప తొక్కదు. ఎదురింట్లోనే ఉంటుంది. రోజూ పొద్దున్నే రెండు వాకిళ్లలో ఇద్దరూ నిలబడతారు, ఒకళ్లనొకళ్లు చూసుకోరు. నేను ఇంటర్‌లో ఉండగా ఈ కాగితం చూశాను. అడుగున చదివి వినిపించామని ఉంది. నాన్నా, చదివారా అని అడిగాను. సంతకం పెట్టమన్నారు, పెట్టానమ్మా అన్నాడు."

నన్ను భయపెట్టిన సంగతి ఇంకొకటుంది. ఆ కేసు నాకు గుర్తు లేదు. ట్రాక్టరు గానీ, కోటయ్య మొహం గానీ, ఏదీ గుర్తు లేదు.

"నీ ఓటు అడిగే మొహం నాకు లేదమ్మా," అన్నాను.

"ఓటుదేముంది సార్, వేస్తాను. మా అత్తకి ఒక్కసారి చదివి వినిపించండి. మా నాన్న నిజంగా ఏం చెప్పాడో."

ట్రంకు పెట్టె

షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు పారేసే అలవాటు నాకు లేదు. లైబ్రరీ వల్ల వచ్చిన అలవాటు అది. మంచం కింద ట్రంకు పెట్టెలో వరసగా పేర్చి ఉన్నాయి. ఆ కేసు పుస్తకం వెతకడానికి అరపూట పట్టింది.

రెండో సాక్షి పేజీ తీశాను. నా గీతలు నేను చదువుకోలేకపోవడం అన్నది ఎప్పుడూ లేదు. ఇలా ఉంది: బ్రేకులు పట్టడం లేదని అంజయ్య ముందు రోజు సాయంత్రం యజమానికి చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఈ ఒక్క ట్రిప్పు కానివ్వు అని యజమాని అన్నాడు.

కింద వంకరగా, నా చేత్తోనే, ఇంకో గీత. సేమ్.

అంటే ఆయన చెప్పాడు, నేను విన్నాను, నా చెయ్యి రాసింది. తర్వాత ప్రభుత్వ వకీలు ఒక మాట అంటే, రాసినదాన్ని తిప్పి చూడకుండా మొదటి సాక్షి కాగితం కాపీ చేసి పేరు మార్చాను. మీట నొక్కాను. లంచం తీసుకున్నవాడికైనా తాను చేసింది గుర్తుంటుంది. నాకు అదీ లేదు.

మా ఆవిడ అన్నానికి పిలిస్తే వినపడలేదట. భుజం పట్టి ఊపింది.

ఐదు నిమిషాలు

బ్రహ్మయ్యకు చెప్పాను. వాడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ పుస్తకం పొయ్యిలో పెట్టు. రెండేళ్లలో రిటైరవుతున్నావు. పెన్షన్ మీదికి తెచ్చుకుంటావా?"

"పాంప్లెట్‌లో మొదటి లైను అబద్ధం రా."

"అబద్ధమేంది? పిటిషన్ పడిందా? పడలేదు. నిజమేగా?"

ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వనిది ఆ వాదనే.

ఎన్నిక రోజున ఒక్కో అభ్యర్థికి ఐదు నిమిషాలు ఇచ్చారు. నా ప్రత్యర్థి ప్రసాదు గారు మాటల్ని వాటంతట అవే టైపు చేసే మిషన్లు వస్తున్నాయని, మన ఉద్యోగాలు కాపాడతానని చెప్పారు. చప్పట్లు కొట్టారు. నేను లేచి పాంప్లెట్ పక్కన పెట్టి, నా పుస్తకంలోని మూడు వాక్యాలూ చదివాను. తర్వాత టైపు చేసిన కాపీ చదివాను. తర్వాత అడుగు వాక్యం చదివాను. కోటయ్యకూ ఆయన చెల్లెలికీ మాటలు ఎందుకు లేవో చెప్పాను. నాకు ఓటు వేయక్కర్లేదని, గెలిచినవాళ్లు ఎవరైనా ప్రతి సాక్షికీ చదివి వినిపించే సమయం కోసం పోరాడమని అడిగాను.

ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

వెనక వరసలోంచి ఒకాయన అన్నాడు. "ఇంతేనా గురువుగారూ? ఇంకేం చేశారో అని భయపడి చచ్చాం."

నవ్వులు మొదలయ్యాయి. ఇంకో మూల నుంచి ఎవరో చెయ్యెత్తి "సేమ్" అన్నారు. పక్కాయన "సేమ్". ఆ వెనక "సేమ్, సేమ్". హాజరు పిలిచినట్టు వరసగా చేతులు లేచాయి. కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. నేను వాళ్లలో ఒకడినని ఒప్పుకున్నందుకు ప్రేమగా నవ్వుతున్నారు. గోడ పక్కన నిలబడ్డ సుజాత మాత్రం చేతులు కట్టుకుని ఆ ఎత్తిన చేతుల్ని చూస్తోంది.

మూడొంతుల ఓట్లతో గెలిచాను. దండ వేశారు.

"చూశావా, నేను చెప్పలా? నువ్వు మనోడివి," అన్నాడు బ్రహ్మయ్య నా చెవిలో. ఓడిపోయినా నాకు అంత దెబ్బ తగిలేది కాదు.

బలపరిచేవారు

మొదటి కార్యవర్గ సమావేశంలో తీర్మానం పెట్టాను. సాక్షికి చదివి వినిపించనిదే స్టెనో అడుగు వాక్యం టైపు చేయకూడదు. బలపరిచేవారు ఎవరని అడిగాను. ఎవరూ చెయ్యెత్తలేదు. బ్రహ్మయ్య కార్యదర్శి. వాడు కూడా కాగితాలు సర్దుకుంటున్నాడు.

బయటికొచ్చాక అన్నాడు. "చదువుకుంటూ కూర్చుంటే రోజుకి రెండు కేసులు తెగవు. పై నుంచి అక్షింతలు పడేది జడ్జి గారికి. ఆయన మన మీద పడతాడు. నువ్వు పోతావు రెండేళ్లలో. మేం ఉండాలిగా."

వాడన్నది అబద్ధం కాదు. ఈ ఉద్యోగంలోకి వస్తున్న మీకు అది దాచను. చదివి వినిపించడానికి సమయం ఎవరూ ఇవ్వరు.

నేను నా కోర్టులో మొదలుపెట్టాను. మొదటి రోజు ఒక ముసలమ్మ పొలం గట్టు తగాదాలో సాక్షి. చివరన, "ఉండమ్మా, చదువుతాను విను," అన్నాను. ఆమె బిత్తరపోయింది.

"నాకెందుకయ్యా? సంతకం రాదు, వేలిముద్ర వేసిపోతా."

చదివాను. సగంలో ఆపింది. "అదేంది? వాడు కొట్టాడని నేనెప్పుడన్నా? కొట్టటానికి వచ్చాడన్నా."

జడ్జి గారు బల్ల మీద నుంచి తల ఎత్తారు. "ఏంటి ఖాజా గారూ, ఇవాళ కొత్తగా?"

"దిద్దాలి సార్," అన్నాను. ఆయన దిద్దమన్నారు.

ఆ వారంలో దిద్దకుండా సంతకం పెట్టిన సాక్షి ఒక్కరు కూడా లేరు. ఒకరు రోజు మార్చమన్నారు, ఒకరు మనిషిని మార్చమన్నారు. ఒకాయన, ఇదంతా మా తమ్ముడు చెప్పింది, నేను చెప్పింది ఏదీ అని అడిగాడు. ఒక్క వారంలో ఇన్ని ఉంటే, ముప్ఫై ఏళ్లకు ఎన్ని? ఆ ట్రంకు పెట్టె మీద మంచం వేసుకుని అన్నాళ్లూ హాయిగా నిద్రపోయాను.

పిల్లలు మిషన్ల గురించి అడుగుతారు. నాకు తెలిసినంతలో చెబుతాను. మిషన్ మీకంటే వేగంగా రాస్తుంది. నేనూ మా వాళ్లందరికంటే వేగంగా రాశాను. కోటయ్యకు దాని వల్ల ఏం ఒరిగింది?

ఎదురిల్లు

సుజాత అడిగిన పని మాత్రం చేయలేదు. అప్పటికి మూడు నెలలు దాటింది. సంఘం పనులన్నాను, ఎండలన్నాను. నిజానికి భయం. ఒక రోజు ఆమె ఫోన్ చేసింది.

"గెలిచారు గదా సార్. మా అత్త ఇంకా ఎదురింట్లోనే ఉంది."

ఆదివారం పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లాను. దర్శికి అవతల వాళ్ల ఊరు. కోటయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను గుర్తుపట్టలేదు. ఆయన నన్ను వెంటనే గుర్తుపట్టాడు.

"సంతకం ఎక్కడ పెట్టాలో చూపించిన అయ్యవు గదా నువ్వు," అన్నాడు.

క్షమించమని అడగడానికి దారంతా మాటలు కూర్చుకున్నాను. అవి పక్కన పెట్టి పుస్తకం తీశాను. "మీరు చెప్పింది ఇందులో ఉందండి. చదువుతాను."

"నాకెందుకయ్యా చదవటం? నేను చెప్పింది నాకు తెలుసు." చెయ్యెత్తి వీధికి అవతల చూపించాడు. "చదివేదేదో అక్కడ చదువు."

సుజాత ముందు నడిచింది. ఎదురింటి పంచలో అంజయ్య పత్తి కట్టె విరుస్తున్నాడు. మనిషి ఎండిపోయి ఉన్నాడు. ఆయన భార్య రమణమ్మ చేటలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. మేనకోడల్ని చూసింది గానీ పలకరించలేదు. నేనెవరినో, నావల్ల ఏం జరిగిందో నిలబడే చెప్పాను. కూర్చోమని ఎవరూ అనలేదు. పుస్తకం తెరిచి గీతలు చూస్తూ తెలుగులో చదివాను. బ్రేకులు పట్టడం లేదని అంజయ్య ముందు రోజు సాయంత్రం యజమానికి చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఈ ఒక్క ట్రిప్పు కానివ్వు అని యజమాని అన్నాడు.

అంజయ్య చేతిలో కట్టె అలాగే ఉంది. "అట్టాగే అన్నాడు," అన్నాడు మెల్లగా. "ఈ ఒక్క ట్రిప్పు అన్నాడు."

రమణమ్మ చేట పక్కన పెట్టింది. "ఇంకోసారి చదువు."

చదివాను.

"ఇది ఎప్పుడు రాసింది?"

"ఆ రోజే అమ్మా. మీ అన్నయ్య చెబుతుండగానే."

"మరి ఇన్నాళ్లూ ఎక్కడుంది?"

"నా మంచం కింద," అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపు గురించి రాయను. ఆ మర్నాడే జరిగిందంతా ఉత్తరంలో రాసి, పుస్తకంతో పాటు జిల్లా కోర్టు ఆఫీసులో ఇచ్చాను. కేసు ఎప్పుడో ముగిసిందన్నారు. రిటైరయ్యేదాకా నాకు జవాబు రాలేదు. కానీ ఆ రోజు ఆ పంచలో రమణమ్మ కోర్టు సంగతి అడగలేదు. వీధి వైపు చూసింది. కోటయ్య మంచం మీంచి లేచి వీధి మధ్యదాకా వచ్చి ఆగిపోయి ఉన్నాడు. ఎండ నెత్తిన కొడుతోంది.

ఆమె కొంగుతో మిరపకాయల చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లింది. రెండు కుర్చీలు తెచ్చి పంచలో వేసింది. ఒకటి నాకు చూపించింది.

"ఆ ఎండలో నిలబడ్డాయన్ని రమ్మనండి సార్," అంది. "నేను పిలవలేను. మీరు పిలవండి. ఆయన కూర్చున్నాక మళ్లీ మొదట్నించి చదవండి."